ఏడు పేర్ల అమ్మాయి

"ఇక్కడ లిస్టు అంటే ఎవరండీ?"

తడిసిన గొడుగు తెచ్చి నేను విప్పి పెట్టుకున్న కీబోర్డు పక్కనే పెట్టిందో అమ్మాయి. మాది కంప్యూటర్లు బాగుచేసే షాపు. గొడుగుకంటే ఆ కళ్ళే ఎక్కువ భయపెట్టాయి.

"నేనేనండీ."

ఆ పేరు గ్రూపువాళ్ళు పెట్టింది. చూపులేనివాళ్ళకి పుస్తకాలు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఒకటి మేం నలభై మందిమి కలిసి ఉచితంగా తయారుచేస్తున్నాం. ఎవరికి వాళ్ళు నచ్చిన యూజర్‌నేమ్ పెట్టుకుని, ఇంటినుంచే అందులో తప్పులు దిద్ది పంపుతారు. ఎవరు ఎన్ని దిద్దారో చూసి కృతజ్ఞతల జాబితా రాసేది నేను.

"నిన్నటి జాబితాలో నా అసలు పేరు ఎందుకు వేశారు?"

అప్పుడు వెలిగింది. ఉప్పురాయి!

ఉప్పురాయి, మూడోమెట్టు, తడిచెప్పు... నెలకో పేరు మార్చేది. పేర్లు ఏడైనా రాసే తీరు ఒకటే. ప్రతి దిద్దుబాటు చివరా "ఇంకా బాగా చెయ్యొచ్చు" అని తనమీద తనే విసుక్కునేది. ఆ విసుగు చదవడానికే నేను పొద్దున్నే కంప్యూటర్ తెరిచేవాణ్ణి. ఒకసారి పొరపాటున సొంత మెయిల్ నుంచి పంపడంతో అసలు పేరు తెలిసింది. ఏడు పేర్లతో చేసినవీ కలిపితే తొంభై మూడు దిద్దుబాట్లు! అందరికంటే ఎక్కువ. మురిసిపోతుందనుకుని పేరు మొదట పెట్టాను.

"సంతోషిస్తారనుకున్నాను," అన్నాను.

"నన్నడిగారా?"

"లేదు."

"ఇంటిపేరైనా చూశారా? నేను మాస్టారి కూతుర్నండీ!"

మాస్టారంటే రిటైరైన లెక్కల మాస్టారు. మేం ఏది దిద్దినా ఆయన చూసి సరేనంటేనే చెల్లుతుంది.

"మూడు ఉద్యోగాలు మానేశాను. నీకు నిలకడ లేదు, ఏదీ పూర్తి చెయ్యవంటారు నాన్న. ఆయనకి తెలియకుండా వంద పూర్తిచేసి చూపిద్దామనుకున్నా. ఇప్పుడు చూడండి."

ఫోను నా ముఖం ముందు పెట్టింది. గ్రూపులో ఎవరో రాశారు: "తండ్రిది పెత్తనం, కూతురిది మొదటి స్థానం. భేష్."

"వెంటనే తీసేస్తాను."

"తీసేస్తే దొరికిపోయారంటారు!"

"మరేం చెయ్యమంటారు?"

"నాకేం తెలుసు? చేసింది మీరు!"

గొడుగు లాక్కుని వెళ్ళిపోయింది.

కూర్చుంటే నిలబడాలనిపించింది, నిలబడితే నడవాలనిపించింది. పాత రికార్డులన్నీ తవ్వాను. మాస్టారు ఆమెవి ముప్పై ఒకటి తిప్పి పంపారు. ఇంకెవరికీ పది దాటలేదు. "తొందరపాటు పని", "మళ్ళీ చెయ్యండి". ముప్పై ఒకటీ ఆమె మళ్ళీ చేసింది.

ఈసారి ఆమెకి మెయిల్ పెట్టి అడిగాను. "ఇవి గ్రూపులో పెట్టనా? మీ పేరు ఉండాలో వద్దో మీరే చెప్పండి."

ఫోను మోగకపోయినా తీసి చూశాను. ఒకరి కంప్యూటర్ విప్పి, ఇంకొకరి దాని మూత బిగించాను. సాయంత్రానికి జవాబు వచ్చింది: "పెట్టండి. పేరుతోనే."

పెట్టాను. అడక్కుండా పేరు బయటపెట్టిన తప్పు నాదేనని కూడా రాశాను. వెక్కిరించినాయన క్షమించమన్నాడు. మాస్టారు మాత్రం కిక్కురుమనలేదు.

ఉండబట్టలేక మర్నాడు ఆయన ఇంటికి వెళ్ళాను. ఆమే తలుపు తీసింది.

"నిన్నటినుంచి నాన్న నాతో మాట్లాడలేదు," అంది గుసగుసగా.

లోపల మాస్టారు ఆ ముప్పై ఒకటికీ తను రాసిన జవాబులు మళ్ళీ చదువుతున్నారు.

"ఏమయ్యా, ఇవన్నీ నేనే రాశానా?"

"మీరే మాస్టారూ."

"ఇంత కటువుగానా?" కళ్ళద్దాలు తీసి కూతురివైపు తిరిగారు. "ఒకదానికి 'ఇది మీవల్ల కాదు, వదిలెయ్యండి' అని కూడా రాశాను. ఎందుకు వదల్లేదమ్మా?"

"అన్నది మీరు కాబట్టే నాన్నా." అంది ఆమె. "వేరేవాళ్ళయితే ఎప్పుడో మానేసేదాన్ని."

ఆయన లేచి ఆమె తలమీద చెయ్యి వేశారు. ఇక నేనక్కడ ఎందుకని మెల్లగా బయటికి జారుకున్నాను.

"ఆగండి!"

గేటు దగ్గర ఆగాను. చినుకులు మొదలయ్యాయి. ఆమె పరిగెత్తుకొచ్చి ఆయాసపడుతోంది.

"ఏడు పేర్లూ నావేనని ఎలా పట్టారు?"

"రోజూ చదివేవాణ్ణి."

"అందరివీ అలాగే చదువుతారా?"

అబద్ధం ఒకటి నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"మీవే. పేరు మారిన ప్రతిసారీ మానేశారేమోనని కంగారు. కొత్త పేరులో దొరికేదాకా అన్నం సయించేది కాదు."

ఆమె కోప్పడలేదు. నవ్వనూ లేదు. చూపు మాత్రం నా మీదనుంచి తిప్పలేదు.

"అంత వెతికినవాడివి, ఎవరు నువ్వని ఒక్కసారి అడగలేకపోయావా?"

"ధైర్యం చాల్లేదు. ఇప్పుడడుగుతున్నా. నువ్వంటే నాకిష్టం. నేనంటే నీకు...?"

వాన పెద్దదైంది. ఆమె జుట్టు నుదుటికి అంటుకుపోయింది.

"ఇష్టం లేకపోతే, చెప్పులైనా లేకుండా ఈ బురదలోకి పరిగెత్తుకొస్తానా?"

ఇంట్లోంచి మాస్టారి గొంతు వినిపించింది. "ఇద్దరూ లోపలికి వచ్చి మాట్లాడుకోండమ్మా, జ్వరాలొస్తాయి!"

ఆమె నా చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళింది.