చివరి ఎర్ర చుక్క

సూర్యాపేటలోని ఆ ఇంట్లో ఆ రోజు కూడా పొద్దు మామూలుగానే తెల్లవారింది. మోతీబాయి పొయ్యి మీద చాయ్ పెట్టింది. జీవన్ తన మోటార్ వైండింగ్ షాపు తాళాల కోసం ఇల్లంతా వెతుకుతున్నాడు. అతని చెల్లెలు హారిక కెమెరా బ్యాగులో బ్యాటరీలు సర్దుకుంటోంది. వాకిట్లో మంచం మీద కూర్చున్న తండ్రి దీప్లా రోజూ అడిగే మాటే మళ్లీ అడిగాడు.

"గొడ్లను ఇడిసిన్రా?"

"ఇడిసినం బాపూ," అంది హారిక తల ఎత్తకుండానే.

పెన్‌పహాడ్ పక్కన తమ సొంత తండాలో ఆఖరి ఆవును అమ్మేసి ఏళ్లు దాటింది. దీప్లాకు మతిమరుపు జబ్బు. ఒకరోజు మనుషుల్ని గుర్తుపడతాడు, ఒకరోజు కన్నబిడ్డనే ఎవరని అడుగుతాడు. చెవులు మాత్రం ఇప్పటికీ చురుకే. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ గుర్తుండదు.

"ఇయ్యాల యాడికి?" తాళాలు దొరకని కోపమంతా జీవన్ చెల్లెలి మీదికి మళ్లించాడు.

"పొద్దుగాల హాలియా కాల్వ కాడ. మిట్టమధ్యాహ్నం మిర్యాలగూడల, పెండ్లిపిల్ల ఉమ వాళ్ల ఇంటికాడ. పొద్దుమీకి కోదాడ అవతల, అనంతగిరి మామిడితోట. పెండ్లికి ముందు ఫొటోలు కదా, ఒక్కోటి ఓ చోట దిగాల్నంటరు."

"నీ ఎంట ఎవలున్నరు?"

"సతీష్ అన్న ట్రాలీ ఉంటది. పెండ్లోళ్ల కార్లు ఉంటయి."

"అంటే అందరూ పరాయోళ్లే. ఒక్కదానివి తోటలెంబడి తిరుగుతుంటే రేపు ఏమన్నైతే ఎవల్ని అడగాలె? బాపు మంచిగుంటే నిన్ను గిట్ల ఒక్కదాన్ని పోనిస్తుండెనా?"

"నాకెవ్వలి కావలి అక్కర్లేదన్నా. నేనేం లేగదూడను కాదు."

"అబ్బో, ఇద్దరికీ చాయ్ కంటే ముందు కొట్లాటే గావాలె," అంది మోతీబాయి గ్లాసులు పట్టుకొస్తూ.

హారిక చాయ్ తాగలేదు. బయట సతీష్ ట్రాలీ ఆటోలో ఉయ్యాల, రంగు గొడుగులు, గుడ్డ పూలదండలు ఎక్కించి, తాడు కోసం పక్క వీధిలోకి వెళ్లాడు. పెళ్లివాళ్ల కారు వచ్చి ఆగింది. హారిక విసురుగా ఎక్కి తలుపు వేసుకుంది. మంచం వైపు చూడలేదు.

చూసి ఉంటే, మంచం ఖాళీగా ఉన్న సంగతి అప్పుడే తెలిసేది.

*

పొద్దుగూకాక హారిక ఇంటికి వచ్చేసరికి వాకిట్లో సగం వీధి ఉంది. మోతీబాయి గడపలో కూలబడి ఉంది.

"పొద్దుటి నుంచి లేడు బిడ్డా. మీ అన్న గడ్డం గీయించనీకి తీస్కపోయిండేమో అనుకున్న. వాడు మధ్యాహ్నం అన్నానికి వచ్చి బాపు ఏడీ అన్నడు. అంతే, నా పానం జారిపోయింది."

"నాకెందుకు ఫోన్ చెయ్యలే?"

జీవన్ అప్పుడే తండా నుంచి బండి మీద వచ్చాడు. కళ్లు ఎర్రబడి ఉన్నాయి. "చేస్తే ఏం చేస్తవ్? ఫొటోలు ఆపుకొని వస్తుంటివా?"

దీప్లా అంగీ జేబులో ఒక ఫోన్ ఉంది. హారిక ఉగాదికి కొత్తది కొనుక్కుని, తన పాత ఫోన్ తండ్రికి ఇచ్చింది. మోగితే ఉలిక్కిపడుతున్నాడని సౌండ్ తీసేసి వైబ్రేషన్ మాత్రం ఉంచింది. నెట్ వేయించలేదు. మధ్యాహ్నం నుంచి ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. దీపం పెట్టే వేళ మోతీబాయి చేసినప్పుడు కూడా రింగ్ వెళ్లింది. ఆ తర్వాత స్విచాఫ్.

పోలీస్ స్టేషన్‌లో కాగితం రాసిచ్చారు. ఫోన్ ఏ టవర్ కింద ఉందో తెలియడానికి మరునాటి దాకా పడుతుందన్నారు. బస్టాండు, దవాఖాన, గుళ్లు, మార్కెట్ యార్డు అన్నీ తిరిగారు. ఎవరూ చూడలేదు. షుగర్ గోళీలు సీసాలో అలాగే ఉన్నాయి. పూట తప్పితే ఆయన కళ్లు తిరిగి పడిపోతాడు.

తెల్లవారింది. మోతీబాయి అలవాటు కొద్దీ ఆయన గ్లాసులో కూడా చాయ్ పోసి, దాన్ని చూస్తూ అలాగే నిలబడిపోయింది. అప్పుడే జీవన్ ఫోన్ మోగింది. విని, గోడ పట్టుకున్నాడు.

"హాలియా దిక్కు కాల్వల ఒక ముసలాయన శవం దొరికిందంట. అంగీ తెల్లగున్నదంట. వచ్చి సూస్కొమ్మంటున్నరు."

మోతీబాయి అరవలేదు. చేతిలోని గ్లాసును మెల్లగా కింద పెట్టి, చెంగు నోట్లో కుక్కుకుంది.

హారిక కంప్యూటర్ వైపు తిరిగింది. వాట్సాప్‌లో పంపడానికి తండ్రి ఫొటో కావాలని అంతకుముందే కంప్యూటర్ తెరిచి ఉంచింది. రాత్రి వచ్చీరాగానే అలవాటుగా కెమెరా కార్డు పెట్టిందేమో, నిన్నటి ఫొటోలన్నీ అందులోకి ఎక్కి ఉన్నాయి. వాటిని మూసేయబోతుంటే పక్కన చిన్న మ్యాప్ కనిపించింది. దాని మీద ఎర్ర చుక్కలు.

చెయ్యి ఆగిపోయింది. ఆ చుక్కలు అక్కడ ఉండకూడదు.

కెమెరా కొన్న కొత్తలో హారిక దాన్ని బ్లూటూత్‌తో తన ఫోన్‌కు కలిపింది. ఫోన్ జేబులో ఉంటే చాలు, ఎక్కడున్నామో అది కెమెరాకు చెబుతుంది. కెమెరా ఆ చోటును ప్రతి ఫొటోలో గుర్తుపెట్టి ఉంచుతుంది. ఏ తోట ఎక్కడుందో, ఏ కాల్వగట్టు మీద వెలుతురు బాగుందో మళ్లీ వెతుక్కునే పని ఉండదు. కొత్త ఫోన్ కొన్నాక మళ్లీ కలపడానికి బద్ధకించింది. ఉగాది తర్వాత బయట తీసిన ఏ ఫొటోకూ చుక్క పడలేదు.

నిన్నటివాటికి పడింది. హాలియా కాల్వ దగ్గర చుక్కలు. మిర్యాలగూడలో చుక్కలు. అనంతగిరిలో చుక్కలు.

కెమెరాకు తెలిసిన ఫోన్ ఒక్కటే. అది పక్కనుంటేనే చుక్క పడుతుంది. ఆ ఫోన్ బాపు జేబులో ఉంది.

"అన్నా," అంది. "బాపు నిన్న పొద్దంతా నా ఎంటనే ఉన్నడు."

*

జీవన్ బండి తాళం చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. "పిచ్చిలేసిందా? కాల్వ కాడ శవమున్నదంటే కంప్యూటర్ సూస్కుంట కూసున్నవ్?"

"ట్రాలీ ఎక్కిండన్నా. సతీష్ అన్న తాడు కోసం పోయినప్పుడు సామాన్ల నడుమ ఎక్కి కూసున్నడు. ఎనకటి కాలంల గొడ్లను అంగడికి తోలేటప్పుడు ట్రాలీల గట్లనే ఎక్కేటోడు కదా. హాలియా తర్వాత మిర్యాలగూడలున్నడు. అనంతగిరిలున్నడు. ఆ శవం బాపుది కాదు."

"ఫోన్ ఉన్నది అను. మనిషి ఉన్నడని ఎట్లంటవ్? ఫోన్ ట్రాలీల పడిపోయింది. ఆయన హాలియాల దిగిండు, కాల్వల..." మాట పూర్తి చేయలేకపోయాడు. "నీ పని, నీ కెమెరా, నీ పట్టుదల. నువ్వు ఇంట్ల ఉంటే ఆయన గడప దాటుతుండెనా?"

"నువ్వు నిన్న పొద్దుగాల ఆయన ముంగట ఏమన్నవో గుర్తున్నదా? బాపు మంచిగుంటే ఒక్కదాన్ని పోనిస్తుండెనా అన్నవ్. ఆయన ఇన్నడు."

జీవన్ వాకిట్లోని ఖాళీ మంచం వైపు చూశాడు.

"ఇద్దరూ కొట్టుకుంటే వస్తడంటే చెప్పున్రి," అంది మోతీబాయి, "నేను గూడ ఓ చెయ్యేస్త."

హారిక సతీష్‌కు ఫోన్ కలిపి స్పీకర్ నొక్కింది. ట్రాలీ అంతా దులిపి చూడమంది. కాసేపటికి అతని గొంతు వచ్చింది. "ఫోన్ గీన్ ఏం లేదు చెల్లే. కానీ ఒక మాట. నిన్న మిర్యాలగూడల బిర్యానీ పొట్లం ఒకటి తక్కువ పడ్డది. పెండ్లికొడుకు దోస్తులే నొక్కేసిండ్రనుకొని తిట్టుకున్న. ఖాళీ పొట్లం ఇప్పుడు ఉయ్యాల కింద దొరికింది. మంచిగ మడతపెట్టి ఉన్నది."

తిన్న విస్తరిని కూడా మడతపెట్టేది దీప్లానే. అయినా జీవన్ కదల్లేదు. రెండు దిక్కులు. ఒక దిక్కున కాల్వ, ఒక దిక్కున తోట. తప్పు దిక్కుకు పోతే ఇంకో గోళీ పూట దాటిపోతుంది.

హారిక చివరి చుక్క మీద నొక్కింది. మామిడితోట ఫొటో. పెళ్లికొడుకు నల్ల కళ్లద్దాలు పెట్టుకుని నవ్వుతున్నాడు. దాని తర్వాత అదే తోటలో చాలా ఫొటోలు తీసింది. వాటికి చుక్క లేదు. ఫోన్ ట్రాలీలో పడి ఉంటే వాటికీ పడాలి. దీపం పెట్టే వేళ ఫోన్ ఇంకా బతికే ఉంది కాబట్టి చార్జింగ్ అయిపోయి ఆగిందని కూడా కాదు. చుక్క ఉన్న ఆ చివరి ఫొటోను పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది. కళ్లద్దాల నల్లటి గాజులో కెమెరా పట్టుకున్న తన బొమ్మ చిన్నగా కనబడింది.

తన బొమ్మ వెనక ఇంకో బొమ్మ. ఎర్ర తలపాగా, తెల్ల అంగీ. ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని చుట్టూ కనిపెట్టి చూస్తున్నాడు. పెళ్లివాళ్లు ఆయన్ను ఆ ఊరి రైతనుకుని ఉంటారు.

వందల ఫొటోలు తీసింది. ఒక్కదానిలోనూ ఆయన లేడు. ఎందుకంటే పొద్దంతా ఆయన నిలబడింది ఆమె వెనక.

జీవన్ తెర మీద వేలు పెట్టి, కాలినట్టు తీసేశాడు. "నా నోరు పడిపోను," అన్నాడు. "కారు మాట్లాడుత. యాడీ, చెప్పులేస్కో," అన్నాడు తల్లితో.

*

కారు కోదాడ దాటింది. నిన్న సాయంత్రం పని అయిపోగానే అందరూ తోట వెనక దారిలో హైవేకు వచ్చేశారు. హారిక ఆ దారినే కారు పోనిమ్మంది.

తోటలో ఎవరూ లేరు. ముగ్గురూ తలో వైపు పరుగెత్తారు. "బాపూ" అన్న కేక చెట్ల మధ్య తిరిగి తిరిగి వాళ్ల దగ్గరికే వస్తోంది. నడిమధ్యలో గట్టు లేని వ్యవసాయ బావి ఉంది. దాని అంచున ఎర్రటి గుడ్డ.

తలపాగా. తడిగా ఉంది.

హారిక అంచున వంగి చూసింది. కింద నీళ్లు నల్లగా, కదలకుండా ఉన్నాయి. జీవన్ అంగీ విప్పి మెట్టు మీద కాలు పెట్టాడు. మోతీబాయి కొడుకు రెక్క పట్టుకుని వదల్లేదు. "ఒకడు పోయింది చాలదారా?"

"ఎవరండీ మీరు? ఆ బావిలో దిగమాకండి, పాములున్నాయి." చెట్ల వెనక నుంచి తట్ట నెత్తిన పెట్టుకుని ఒకామె వచ్చింది. తోట కావలి భిక్షపతి భార్య సైదమ్మ. గుడ్డ చూసి, వీళ్ల ముఖాలు చూసి, తట్ట దించేసింది. "అయ్యో, అది పెద్దాయనదమ్మా. ఇందాక నీళ్లు తోడి తల తడుపుకుని, ఇక్కడే మర్చిపోయి వెళ్లాడు. ముందు గేటు కాడ ఉన్నాడు. రాత్రంతా అక్కడే. మా ఆయన లోపలికి రమ్మంటే రాడు, పొమ్మంటే పోడు. అన్నం పెడితే రెండు ముద్దలు తిన్నాడు. ఊరేదంటే చెప్పడు. నా బిడ్డ లోపలుంది, వచ్చాక పోతానంటాడు."

జీవన్‌కు అప్పుడు అర్థమైంది. ఆడపిల్ల లోపల పని చేసుకుంటుంటే, ఎవరూ రాకుండా తండ్రి ముందు గేటు దగ్గర కాపలాకు వెళ్లాడు. లోపలివాళ్లు వెనక దారిన వెళ్లిపోయారు. ఆ సంగతి తెలియక రాత్రంతా గేటు వదల్లేదు.

దీప్లా గేటు బయట రాయి మీద కూర్చుని ఉన్నాడు. పెదాలు ఎండిపోయాయి. హారిక ఎదురుగా వెళ్లి ఆయన మోకాళ్లు పట్టుకుంది.

"బాపూ."

ఆయన ఆమె ముఖంలోకి చాలాసేపు చూశాడు. చూపులో ఏమీ లేదు. "ఎవల బిడ్డవమ్మా?"

"నీ బిడ్డనే. హారికను."

"నా బిడ్డ లోపటున్నది. పోట్వలు తీస్తది. ఇంక బయటికి రాలే." మెడ పక్కకు వంచి గేటు లోపలికి చూశాడు. "జర పక్కకు జరుగు తల్లీ. కనబడుతలేదు."

జీవన్ నేల మీద కూర్చుని తండ్రి పాదాలకు తల ఆనించాడు. "ఇంటికి పోదాం బాపూ. నేను తప్పు మాటన్న."

"ఎట్ల పోతం కొడుకా? పిల్ల ఒక్కతే ఉన్నది. ఎవల్లేరు దానికి."

మోతీబాయి గోళీ నోట్లో వేయబోతే చెయ్యి నెట్టేశాడు. లేపబోతే గేటు ఊచ పట్టుకున్నాడు. తన కోసమే పడిగాపులు పడుతున్న మనిషికి తాను ఎవరో తెలియదు. హారిక ఇక ఆ ముఖం చూడలేకపోయింది. లేచి అటు తిరిగి, రెండు చేతులతో నోరు మూసుకుని, చెట్ల వైపు ముఖం పెట్టి ఏడ్చింది.

వెనక ఊచ చప్పుడైంది.

"హారికా."

ఆమె భుజాలు ఆగిపోయాయి.

"అయిపోయిందా బిడ్డా పని? జర ఆలస్యమైంది ఇయ్యాల."

తిరగబోయి ఆగింది. నిన్నంతా ఆయన చూసింది ఈ వీపునే. ముఖం చూస్తే మళ్లీ పోగొట్టుకుంటాడేమో.

"అయిపోయింది బాపూ," అంది అటే చూస్తూ. "పోదాం పా."

"నువ్వు నడువు. నేను ఎనక వస్త."

జీవన్ తండ్రిని పట్టుకోబోతే మోతీబాయి కళ్లతోనే వద్దంది. హారిక కారు వైపు నడిచింది. కళ్లు మసకబారి దారి కనబడటం లేదు. అయినా తుడుచుకోలేదు, వెనక్కి తిరగలేదు. వెనక అడుగుల చప్పుడు నెమ్మదిగా వస్తోంది. అది ఆగినప్పుడల్లా ఆమె ఆగింది. కదిలినప్పుడల్లా కదిలింది.