మందు అంటే ఏ మందు?

"సాక్షి పేరు యేసుబాబు. ఊరు పాన్‌గల్. సాయంత్రం నాలుగింటికి ట్రిబ్యునల్ ముందు వీడియోలో సాక్ష్యం చెప్పాలి. చెప్పకపోతే కేసు క్లోజ్," అన్నాడు చీఫ్.

ఏజెంట్ శాంతయ్య ఫైల్ తెరిచాడు. విదేశీ కంపెనీ ఓడలో విషపు డ్రమ్ములు కారాయి. అందులో పనిచేసే యేసుబాబు కళ్లు పోయాయి. అతని జతగాడు బుచ్చన్న ప్రాణమే పోయింది. ప్రమాదకరమైన సరుకు వల్ల నష్టం జరిగితే పరిహారం ఓడ ఓనరే ఇవ్వాలి. తప్పెవరిదని అడిగే పనే లేదు. కానీ ఒక్క సందు ఉంది. బాధితులే తాగి డ్రమ్ములు తెరిచారని తేలితే ఓనరు తప్పించుకుంటాడు.

"మొదటి వాంగ్మూలంలో అతను 'మందు వాసన' అన్నాడు. ఇంగ్లిష్‌లో అది విస్కీ వాసన అయింది," అన్నాడు చీఫ్.

"ట్రాన్స్‌లేషన్ ఎవరిది?"

"మన పద్మజదే. చిన్న పొరపాటంటోంది. నీకు తోడుగా వస్తుంది."

అక్కడే అనుమానం రావాలి. రాలేదు. పద్మజ గద్వాల పట్టుచీర కట్టుకొని కారు దిగితే ఎవరికి మాత్రం వస్తుంది లెండి!

పాన్‌గల్‌లో యేసుబాబును ఎక్కించుకొని మధ్యాహ్నానికి గద్వాల చేరారు. పద్మజ చెప్పిన సేఫ్ హౌస్ ఒక పత్తి విత్తనాల గోదాము. శాంతయ్య, యేసుబాబు లోపలికి అడుగు పెట్టగానే వెనక షట్టర్ పడింది. ఆమె మనుషులు ఫోన్లు లాక్కున్నారు. శాంతయ్య చెవి మిషన్‌లో దాచిన ట్రాన్స్‌మిటర్‌ను ఆమె మడమ కింద నలిపేసింది.

"సారీ శాంతయ్యా, కంపెనీ బాగానే ఇచ్చింది. నాలుగింటికి కాల్ నేనే కలుపుతాను. తాగి తూలే సాక్షిని ట్రిబ్యునల్ కళ్లారా చూస్తుంది."

తాళం పడింది.

రేకుల కప్పు కింద ఊపిరి ఆడడం లేదు. శాంతయ్య లేజర్ పెన్ తీసి తాళం మీద పెట్టాడు. డిపార్ట్‌మెంట్ గొప్పగా చెప్పుకునే పెన్ అది. తాళం కాస్త వేడెక్కింది, అంతే.

మూలన పురుగుమందు డబ్బాలున్నాయి. యేసుబాబు ముక్కు ఎగబీల్చి గోడకు ఒదిగిపోయాడు.

"సార్, గదే వాసన. ఓడల గూడ గిట్లనే తలుపు బిగించిండ్రు. బుచ్చన్న లోపట్నే ఉండె. నన్ను పిలిచిండు సార్."

శాంతయ్య దగ్గరికి జరిగాడు. అతని చెయ్యి పట్టుకున్నాడు. ఇరవై ఏళ్ల సర్వీసులో ఇంత భయం ఎప్పుడూ వేయలేదు.

మూడుంబావుకు వెనక తలుపు బెత్తెడు తెరుచుకుంది. వాచ్‌మన్ పెంటయ్య తల లోపలికి పెట్టాడు. 

"మీరేం తప్పు జేసిండ్రు సార్?"

"ఏం జేయలే. ఏంది?"

"ఆ మేడం మీ ఇద్దరికి మందు తాగియ్యమంటుంది. మూడున్నర వరకు తూలి పడాల్నంట. మూలకున్నది, తీస్కపో అన్నది. మా వాడకట్టుల ఒకామె గా మందే తాగి దవాఖానల సచ్చిపోయింది. మనుషులను సంపుడు నాతోని గాదు సార్. జల్ది పోండ్రి."

డబ్బాల వెనక విస్కీ సీసాల పెట్టె ఉంది. శాంతయ్య అది చూపించబోయి నోరు మూసుకున్నాడు.

"నీ ఫోన్ జర ఇయ్యి పెంటన్నా."

పగిలిన స్క్రీన్. రెండు గీతల సిగ్నల్. చీఫ్ నంబర్ శాంతయ్యకు నోటికి వచ్చు; పద్మజ సంగతి చెప్పి, పోలీసులనూ కొత్త ట్రాన్స్‌లేటర్‌నూ పెట్టమన్నాడు. వెనక తలుపులోంచి బయటపడి పక్క చేనిలో, పత్తి చెట్ల మధ్య యేసుబాబును కూర్చోబెట్టాడు. మూడు యాభై తొమ్మిదికి లింక్ తెరుచుకుంది.

"మందు అంటే ఏమిటి?" కొత్త ట్రాన్స్‌లేటర్ గొంతు.

"పత్తికి కొట్టే మందు సార్. మా నాయిన కూలికి కొడుతుండె. ఇంటికొస్తే ఒళ్లంత గదే వాసన. కండ్లు లేకున్న గుర్తు వడత. డ్రమ్ముల మీద సబ్బునూనె అని రాసిండ్రు. లోపట ఉన్నది మందు. మాకెవ్వరు చెప్పలే."

 ట్రిబ్యునల్ అధ్యక్షుడు, వాంగ్మూలం సరిదిద్దండి అన్నాడు. యేసుబాబు మోకాళ్ల మీద తల పెట్టుకొని ఏడ్చాడు.

నాలుగున్నరకు పోలీసు జీపు ఎక్కుతూ పద్మజ పెంటయ్య వైపు కొరకొరా చూసింది.

"నేను చెప్పింది విస్కీ గురించి!"

"చిన్న పొరపాటు మేడం," అన్నాడు శాంతయ్య. "ట్రాన్స్‌లేషన్‌లో."