దుమ్మగెడ్డలో మూడో ప్రశ్న

ఘాట్ రోడ్డు పక్కన టీ కోసం బైక్ ఆపాడు నతానియేల్. గ్లాసు పెదవి దాకా వచ్చేలోపు రెండు బుల్లెట్లు దిగాయి. పిస్టల్‌కి సైలెన్సర్ ఉంది. ఎవరిదో టైరులో గాలి పోయిందనుకున్నాడు కొట్టువాడు. వెనకాల ఆగిన కారులోంచి ఒకడు దిగి, పడిపోయిన మనిషి భుజాన ఉన్న లాప్‌టాప్ బ్యాగు తీసుకుని, తొందరేమీ లేనట్టు వెళ్లిపోయాడు.

ఆ గురువారం మధ్యాహ్నం విశాఖలో, బయట బోర్డు లేని ఒక ఆఫీసులో, ఏజెంట్ సుజానా తన చీఫ్ మోహన్‌కృష్ణ ఎదుట నిలబడి ఉంది. కూర్చోమన్నా కూర్చోలేదు. మూడేళ్ల కిందట నతానియేల్‌ని డిపార్ట్‌మెంట్‌లోకి తెచ్చింది ఆమే. "ఫీల్డ్ డ్యూటీ ఉండదు, నీ యుద్ధమంతా కీబోర్డుతోనే" అని మాట ఇచ్చింది కూడా.

"దుమ్మగెడ్డ," అన్నాడు చీఫ్. "అరకు పైన చిన్న రిజర్వాయర్. గేట్ల ప్రోగ్రామ్ తెలుసుగా?"

"తెలుసు సార్. నల్లటి స్క్రీన్, కమాండ్ లైన్. ఆపరేటర్ కమాండ్ కొడితే ప్రోగ్రామ్ ఆగి మూడు ప్రశ్నలు అడుగుతుంది. పేరు, సీక్రెట్ కోడ్, చివరికి 'గేట్లు తెరవాలా?' ఒక్కోదానికి ముప్పై సెకన్లు. జవాబు రాకపోతే కమాండ్ రద్దు."

"మనిషి కూర్చుని టైప్ చేస్తే తప్ప గేటు లేవదని మన ధీమా. నతానియేల్ పనేమిటి మరి?"

"టెస్టింగ్. తప్పు పేరు, ఖాళీ ఎంటర్, ఆలస్యంగా జవాబు... అన్నీ వేలసార్లు కొట్టి చూడాలి. చేత్తో అయ్యే పని కాదు. అందుకని స్క్రిప్ట్ రాశాడు, చిన్న ప్రోగ్రామ్. స్క్రీన్ మీద ప్రశ్న కనబడగానే అది గుర్తుపట్టి, పేరు, కోడ్‌తో సహా మనిషిలాగే జవాబు టైప్ చేస్తుంది."

"దానికోసమే చంపారు. ఇప్పుడు దాన్ని అసలు సర్వర్‌లోకి ఎక్కించారు. అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చేశారు. ఇదంతా ఒక విదేశీ ముఠా పని. వాళ్లకి ఇది శాంపిల్. ఇక్కడ పనిచేస్తే మైదానంలోని పెద్ద డ్యాములకు బేరం పెడతారు."

"కరెంటు తీసేస్తే?"

"బ్యాటరీలున్నాయి. గేట్లను చేత్తో బిగించాలంటే రెండు రోజులు. టైమ్ ఎప్పుడన్నది డాలీకి తెలుసు. వెళ్లు."

డాలీ అరకులో కాఫీ గెస్ట్‌హౌస్ నడుపుతుంది. వార్తలు ఇటూ చేరవేస్తుంది, అటూ చేరవేస్తుంది. ఆమె నవ్వితే టూరిస్టులు బిల్లు చూడరు.

శుక్రవారం పదకొండింటికి, కాఫీ శాంపిళ్లు కొనే కంపెనీ మనిషి వేషంలో సుజానా అరకు స్టేషన్‌లో దిగింది. ప్లాట్‌ఫారం చివరి బెంచీ మీద మెరూన్ చీర, నల్ల కళ్లద్దాలు.

"మీ కాఫీలో చికోరీ కలుపుతారా?"

"ఈ కొండ మీద కలపం."

కోడ్ సరిపోయింది. డాలీ కళ్లద్దాలు తీసింది. కళ్లు వాచి ఉన్నాయి. "పదకొండున్నరకి. డ్యాము కింద ఏటి ఒడ్డున సంత నిండే వేళ. నతానియేల్ ఏ రోడ్డున వస్తాడో వాళ్లకి చెప్పింది నేనే. లాప్‌టాప్ ఒక్కటే తీసుకుంటామన్నారు సుజానా. నమ్మాను."

సుజానా చెయ్యి బ్యాగులోని పిస్టల్ మీదకు వెళ్లి ఆగింది.

"కాల్చవా?"

"తర్వాత."

స్టేషన్ బయట డిపార్ట్‌మెంట్ జీపు. డ్రైవర్ సుక్రు ఆ కొండల మనిషి. దారిలోనే ఆమె పోలీసులకు ఫోన్ చేసి సంత ఖాళీ చేయించమంది. అది విని సుక్రు స్పీడు పెంచాడు.

"వెయ్యిమంది ఉంతారమ్మా, బేగి అవ్వదు. మాయావిడ కూడా ఆడే కూకుంది, పసుపు బుట్టలెట్టుకుని."

"దిగి వెళ్తావా? నేను నడుపుతాను."

"ఈ మలుపులు మీకు తెలవ్వు," అని గేరు మార్చాడు.

కంట్రోల్ రూమ్ చేరేసరికి పదకొండూ ఇరవయ్యేడు. ఆపరేటర్ పాస్‌వర్డ్ పనిచేయడం లేదు. సుజానా తనకు తెలిసిన ఒకే ఒక్క దారి పట్టింది. నతానియేల్ టెస్టర్ లాగిన్. దాన్ని మార్చాలని ముఠాకి తోచలేదు, ఎందుకంటే దానితో దేన్నీ ఆపడం కుదరదు. స్క్రీన్ మీద కనబడే ప్రశ్నల ఫైల్లో అక్షర దోషాలు దిద్దుకోవచ్చు, అంతే.

అంతే చాలు. స్క్రిప్ట్ ప్రశ్నను అక్షరాల్ని బట్టే గుర్తుపడుతుంది.

ఫైల్ తెరుచుకోవడానికి చాలాసేపు పట్టింది. ఇంతలో పక్క స్క్రీన్ మీద మొదటి ప్రశ్న వెలిగింది. పేరు? కీబోర్డు ఎవరూ తాకకుండానే ఒక్కో అక్షరం పడింది, మధ్యలో చిన్న తడబాటుతో సహా. నతానియేల్ టైప్ చేసే తీరే అది. కోడ్? అదీ పడింది.

ఆమె మూడో ప్రశ్న చెరిపేసింది. ఏం రాయాలో ఆలోచించే వ్యవధి లేదు. వేళ్లకు తోచింది రాసి సేవ్ కొట్టింది. ఆ వెంటనే స్క్రీన్ మీద ఆ ప్రశ్నే వెలిగింది.

నతానియేల్ ఎక్కడ?

కర్సర్ మినుకుమినుకుమంటోంది. పది సెకన్లు. ఇరవై. స్క్రిప్ట్ తనకు నేర్పిన ప్రశ్న కోసం ఎదురుచూస్తూనే ఉంది. ఈ ప్రశ్నకి జవాబు దానికి తెలియదు. ఇరవైతొమ్మిది.

జవాబు రాలేదు. కమాండ్ రద్దు.

ఆపరేటర్ చప్పట్లు కొట్టాడు. సుజానా మాత్రం స్క్రీన్ మీది ఆ రెండు మాటల్నీ చూస్తూ, అరచేత్తో నోరు మూసుకుని ఏడ్చింది.

కింద సంతలో పోలీసులు తోసేస్తున్నందుకు జనం వాళ్లను తిట్టిపోస్తున్నారు. సుక్రు భార్య పసుపు కొంత నేలపాలైంది. సాయంత్రానికి డాలీ ఇచ్చిన అడ్రస్‌లో ముఠావాళ్లు ముగ్గురు దొరికారు. డాలీ పారిపోలేదు. సుజానా వెళ్లేసరికి అదే బెంచీ మీద కూర్చుని, బేడీల కోసం చేతులు ముందుకు చాచింది.

శనివారం పెదబయలులో, చర్చి వెనక కొత్త సమాధి మీద మట్టి ఇంకా తడిగానే ఉంది. నతానియేల్ తల్లి అంతోనమ్మ సుజానా చెయ్యి వదల్లేదు.

"నా గుంటడు ఏటి ఉజ్జోగం సేసేవోడమ్మా? ఎన్నిసార్లడిగినా నవ్వీసేవోడు."

నిజం చెప్పడానికి ఆర్డర్ లేదు. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "ప్రశ్నలకి జవాబులు సరిగా వస్తున్నాయో లేదో చూసేవాడమ్మా."

అంతోనమ్మ చెంగుతో కళ్లు తుడుచుకుంది. "మేస్టారా? ఆ ముక్క ముందే సెప్పుంటే సంబంధాలు బేగి కుదిరేవి కదమ్మా!"