మణికట్టంత లావు వైరు

సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే మా ఆయన హాల్లో లైట్లు ఆర్పేసి పాటలు వింటారు. చీకట్లో అయితే ఇంకా బాగా వినపడుతుందట. ఏం మాయరోగమో!

ఆ రోజు కొత్త పవర్ కేబుల్ తెచ్చారు. ఆంప్లిఫయర్‌కి కరెంటు ఇచ్చే వైరు, అంతే. కాకపోతే మణికట్టంత లావుంది. పాపకి చెవి మిషన్ కొందామని దాచిన డబ్బంతా దాని మీదే పోసొచ్చారు. పోయినేడు జ్వరం వచ్చి పాపకి రెండు చెవులూ పోయాయి. మా పెదాలు చూసి మాటలు పోల్చుకుంటుంది. నా కడుపు మండిపోదూ?

"పాత వైరుతో అమ్మ పాట మొద్దుగా వస్తోందే. దీంతో ఆవిడ ఊపిరి కూడా వినపడుతుంది," అన్నారు. పోయిన మా అత్తగారు పాడిన జోలపాట అది, క్యాసెట్టులో ఉంది.

"గాడిద గుడ్డేం కాదూ! కళ్ళకి గంతలు కట్టుకోండి. నేను వైర్లు మారుస్తాను. ఏది ఏదో చెప్పలేకపోతే రేపే దీన్ని తిరిగిచ్చేసి మిషన్ తేవాలి."

"సరే, కానీ."

పాత వైరు పెడితే "ఆహా, కొత్తది!" అని మురిసిపోయారు. కొత్తది పెడితే "ఛీ, పాతది" అన్నారు. ఒళ్ళు మండి, ఈసారి ఆ వైరూ పీకి రెండూ ఒళ్ళో పెట్టుకున్నాను. ఆంప్లిఫయర్ మీద ఎర్రదీపం ఆరిపోయింది. గదిలో చప్పుడు లేదు. వేడెక్కిన దుమ్ము వాసన మాత్రం వస్తోంది.

"ఇప్పుడు చెప్పండి."

"కొత్తదే... అమ్మ ఊపిరి వినపడుతోంది."

"అబద్ధానికైనా సిగ్గుండాలి! రెండు వైర్లూ నా ఒళ్ళోనే ఉన్నాయి!"

"ష్... పాట ఆపేసింది. పిలుస్తోంది..."

"ఎవర్నిట?" అన్నాను వెటకారంగా.

ఆయన గంతలు పీకేశారు. "నన్ను కాదే... పాపని."

పక్కగదిలో పాప మాకు వీపు పెట్టి బొమ్మలు గీసుకుంటోంది. పెన్సిలు ఆగింది. తల ఎత్తింది.

"ఆఁ... వస్తున్నా నానమ్మా."

లేచి వీధితలుపు వైపు నడిచింది.

"పాపా! ఆగవే!" గొంతు చించుకుని అరిచాను. నా అరుపు దానికి వినపడలేదు.

ఒక్క ఉరుకున వెళ్ళి ఎడమచెయ్యి పట్టుకున్నాను. దాని కుడిచెయ్యి ముందుకి చాచి ఉంది. వేళ్ళు దేన్నో పట్టుకున్నట్టు ముడుచుకున్నాయి. అక్కడ ఎవరూ లేరు.

"నా బిడ్డని వదలండి అత్తయ్యా!" గట్టిగా లాగాను.

అటునుంచీ లాగారు.