ఆరో బల్ల మీది తల

కొండల మధ్యున్న నరీన్ ఊరి చివర పశువైద్యశాల వెనక పొడవాటి రేకుల షెడ్డు ఒకటి ఉంది. వేసవిలో అక్కడ గొర్రెలకు బొచ్చు కత్తిరిస్తారు. ఆ నవంబరులో మాత్రం నేల కడిగి, ఆరు బల్లలు వేసి, రెండు రోజులు గుర్రాల పళ్ల వైద్యం నేర్పారు. చేరింది ఆరుగురం. ఐదుగురు మగవాళ్లు, నేను.

నా పేరు ఐజిరెక్. పశువైద్యం చదువు పూర్తయి ఏడాదైంది. ఈ శిక్షణ ఉందని నాకెవరూ చెప్పలేదు, నేనే వెతికి పట్టుకున్నాను. తలకు కట్టుకునే దీపం, రెండు పెద్ద ఆకురాళ్లు, నోరు తెరిపించే చట్రం, పన్ను పీకే శ్రావణం సొంతంగా కొనుక్కుని మరీ వెళ్లాను. ఎందుకంటే నాకు ఆదివారం దాకానే గడువుంది.

మా ఇంట్లో కాష్కా అని ఒక మగ గుర్రం. నుదుట తెల్లమచ్చతో పుట్టింది. నాకు పన్నెండేళ్లప్పుడు తాత నా చేతికిచ్చిన పిల్ల అది. రెండు నెలలుగా మేత సగం నమిలి ముద్దలుగా ఉమ్మేస్తోంది. పది కిలోల ఎండుగడ్డి వేస్తే మూడు కిలోల రెండు వందల గ్రాములు కింద దొరికేది. రోజూ తూకం వేశాను. వందకు ముప్పై రెండు పాళ్లు నేలపాలు. పై దవడ ఎడమవైపు నాలుగో దవడపన్ను కుళ్లిపోయింది. నోరు తెరిస్తే గుప్పున వాసన కొట్టేది. తడి తోలు, మురిగిన ఉల్లిపాయలు ఒక డబ్బాలో వేసి వారం తర్వాత మూత తీసినట్టు.

"ఒసేయ్ పళ్ల డాక్టరమ్మా, ఆదివారం దాకా చూస్తాను," అన్నాడు మా అన్న కుబాట్. "అప్పటికీ తినకపోతే చలికాలం మాంసానికి కోసేద్దాం. ఎముకలగూడు అయ్యాక కోస్తే సూపుకి కూడా పనికిరాదు."

వాడు చెడ్డవాడేం కాదు. నవంబరులో మా వైపు ప్రతి ఇంట్లో అనే మాటే అది.

మాకు నేర్పడానికి రాజధాని బిష్కెక్ నుంచి సాగిన్ మాస్టారు వచ్చారు. అరవై ఏళ్లు, లావుపాటి వేళ్లు.

"గుర్రం పళ్లు చూసి వయసు చెప్పొచ్చు," అన్నారు మొదటి రోజే. "నా పళ్లు మాత్రం చూడకండి. అవి నాకంటే యాభై ఏళ్లు చిన్నవి."

అందరూ నవ్వారు. నేను నోటుబుక్కులో రాసుకున్నాను. ముందు పళ్లు పన్నెండు, కోరలు నాలుగు, దవడపళ్లు ఇరవై నాలుగు. మగ గుర్రానికి మొత్తం నలభై.

రెండో రోజు చేత్తో చేసే పని. కబేళా నుంచి గుర్రాల తలలు రావాలి. ఐదే వచ్చాయి.

"ఆడపిల్ల పక్కన నిలబడి చూస్తుందిలే," అన్నాడు ఐదో బల్ల దగ్గరి తాలాయ్.

"నువ్వు నిలబడి చూడు. నీకు నిన్న నోరు తెరిపించే చట్రం పెట్టడమే రాలేదు," అన్నాను.

మాస్టారు ఇబ్బందిగా తల గోక్కున్నారు. అప్పుడు మా వ్యాను డ్రైవరు మామాసాలి, "గంటలో ఇంకోటి తెస్తా," అని వెళ్లాడు. అన్నమాట ప్రకారమే గోనెసంచి భుజాన వేసుకుని వచ్చాడు. ఆరో బల్ల మీద దించితే రాయి పడ్డట్టు చప్పుడైంది. తల గడ్డకట్టి ఉంది. వేడినీళ్ల పీపాలో నానబెట్టాం.

మంచు కరిగాక చూశాను. నుదుటి జూలు సన్నని జడగా అల్లి ఉంది. జడ చివర తెల్లగుడ్డ పీలిక, మూడు ముళ్లు. చెవుల మధ్య పిట్టల రెట్ట.

నాకు తెలిసిపోయింది. మనసైన గుర్రం చచ్చిపోతే మా వాళ్లు దాని తలను నేల మీద వదలరు. ఎవరి కాలూ తగలకుండా, కుక్కలు లాగకుండా ఎత్తైన రాయి మీద పెట్టి, ముఖం కొండలవైపు తిప్పి వస్తారు.

"ఎక్కడిది అన్నా?" అని మెల్లగా అడిగాను.

"మా బావమరిది కోశాడు."

"జడేసి కోశాడా?"

మామాసాలి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "కనుమ దగ్గర రాయి మీదుంది. చలికి చెక్కుచెదరలేదు. చచ్చినదానికి పన్నుతో పనేంటి చెల్లెమ్మా? వద్దంటే చెప్పు, ఇప్పుడే పట్టుకుపోతా. పక్కోడి భుజం మీంచి తొంగి చూస్తూ నిలబడు."

మాస్టారికి చెప్పాల్సింది. చెబితే తల వెనక్కి పోతుంది. ఆదివారానికి ఇక రెండు రోజులే ఉన్నాయి.

కత్తెరతో పీలిక కత్తిరించి జేబులో పెట్టుకున్నాను. ఎవరూ చూడలేదు.

చట్రం బిగించి నోరు ఐదో మెట్టు దాకా తెరిచాను. నలభై పళ్లూ ఉన్నాయి, తెల్లగా, గట్టిగా. పైన ఎడమవైపు నాలుగోదాన్ని ఎంచుకున్నాను. దానికి ఏ జబ్బూ లేదు. చిగురు విడదీసి, శ్రావణంతో పట్టి, కొంచెం ఇటు, కొంచెం అటు... మాస్టారు చెప్పినట్టే, తొందరపడకుండా. గంటా నలభై నిమిషాలు పట్టింది. చివర్లో బురదలోంచి బూటు లాగినట్టు చప్పుడైంది. నా అరచేయంత పొడవు పన్ను వేరుతో సహా వచ్చేసింది.

"శభాష్," అన్నారు మాస్టారు. "రేపే మీ గుర్రానికి చేసెయ్."

పళ్లు కలిసిపోకుండా ఒక్కోదాని మీద బల్ల నంబరు వేయమన్నారు. నీలం సిరాతో 6 అని రాసి పళ్లెంలో పెట్టాను.

నాలుగున్నరకు కరెంటు పోయింది. బయట మంచు దట్టంగా పడుతోంది, అప్పటికే సాయంత్రం చీకటి. అందరూ టీకి పక్క భవనంలోకి వెళ్లారు. పనిముట్లు నావి కాబట్టి నేను ఆగాను. తల దీపం వెలుగులో ఒక్కోటీ కడుగుతున్నాను. తడి సిమెంటు వాసన. మందుల వాసన. రేకుల మీద మంచు జారుతున్న చప్పుడు.

ఉన్నట్టుండి ఆ వాసనల మధ్య ఇంకోటి తగిలింది. పచ్చిగడ్డి వాసన. జూన్ నెలలో కొండ మీద వచ్చేది.

తర్వాత వినిపించింది.

కర్ర్... కర్ర్... కర్ర్...

పుట్టినప్పటి నుంచి విన్న చప్పుడు. గుర్రం మేత నములుతున్న చప్పుడు. నిదానంగా. తృప్తిగా.

బయట ఏ గుర్రమైనా కట్టేశారేమో అనుకున్నాను. తలుపు దగ్గరికెళ్లి చూశాను. మంచు తప్ప ఏమీ లేదు. చప్పుడు నా వెనక నుంచి వస్తోంది...

భయమేస్తే నేను లెక్కపెడతాను. గడియారం చూస్తూ లెక్కపెట్టాను. నిమిషానికి అరవై నాలుగు సార్లు.

తిరిగాను. వెలుగు మొదటి బల్ల మీద వేశాను. కదలిక లేదు. రెండు... మూడు... నాలుగు... ఐదు... నోళ్లు తెరిచినవి తెరిచినట్టే ఉన్నాయి.

ఆరో బల్ల.

చప్పుడు ఆగిపోయింది.

ఐదో మెట్టు దాకా బిగించిన చట్రం మూసుకుని ఉంది. మీట నొక్కితే తప్ప అది మూసుకోదు. పెదవుల మధ్య నుంచి మూడు గడ్డిపోచలు వేలాడుతున్నాయి. పచ్చగా. తడిగా.

పళ్లెం చూశాను. ఐదు పళ్లున్నాయి. నాది లేదు.

"చెల్లెమ్మా..."

అరవబోయి నోరు నొక్కుకున్నాను. గుమ్మంలో మామాసాలి, టీ గ్లాసుతో.

"నువ్వూ విన్నావా?" అన్నాడు గుసగుసగా.

"తీసుకెళ్దాం అన్నా. ఇప్పుడే."

"పన్నేదీ?"

"కనబడట్లేదు."

బల్లల కింద వెతికాం. పీపాలో వెతికాం. సంచులన్నీ దులిపాం. చివరికి చట్రం విప్పి, పన్ను లేకుండానే తలను గోనెలో చుట్టి వ్యాను ఎక్కించాం. మంచులోనే కనుమ దాకా వెళ్లాం. తలను రాయి మీద పెట్టి, ముఖం కొండలవైపు తిప్పి, పీలికను మళ్లీ మూడు ముళ్లు వేసి కట్టాను. ముడి రెండుసార్లు జారిపోయింది.

"తప్పైపోయింది, మన్నించు," అన్నాడు మామాసాలి టోపీ తీసి. తర్వాత నావైపు తిరిగాడు. "లెక్క సరిపోలేదు కదా?"

"లేదు. ముప్పై తొమ్మిదే."

శనివారం పొద్దున ఇల్లు చేరాను. కుబాట్ గుమ్మంలోనే ఎదురొచ్చాడు, ముఖమంతా నవ్వు.

"నీ చదువు దండగే డాక్టరమ్మా! నువ్వు లేకుండానే నయమైపోయింది. నిన్న సాయంత్రం నుంచి తింటూనే ఉంది. ఒక్క పోచ కింద పడలేదు. బతికిపోయింది పో, వేరే గొడ్డును చూసుకుంటాను."

"నిన్న ఎన్నింటికి?"

"నేనేం గడియారం పట్టుకు కూర్చున్నానా? కరెంటు పోయినప్పుడు."

కొట్టంలోకి వెళ్లాను. కాష్కా నా భుజానికి ముఖం రుద్దింది. ఎప్పట్లాగే. చట్రం పెట్టి, దీపం వెలిగించి నోరు తెరిచాను. ఆ వాసన లేదు. వాపు లేదు. లెక్కపెట్టాను. నలభై.

పైన ఎడమవైపు నాలుగోది తెల్లగా, గట్టిగా మెరుస్తోంది. చిగురు పక్కన ఏదో మరక. వేలితో తుడిచాను. పోలేదు.

నీలం సిరా. 6.

శ్రావణం నా సంచిలోనే ఉంది. పీకడం ఇప్పుడు నాకు వచ్చు. పీకి కనుమకు తీసుకెళ్లి ఇచ్చేయొచ్చు. కానీ అక్కడ ఖాళీ మిగిలితే కాష్కా మళ్లీ గడ్డి ఉమ్మేస్తుందేమో... అప్పుడు కుబాట్ కత్తి తీస్తాడు.

నోరు మూసి, చట్రం విప్పేశాను. దాణా తొట్టి ఖాళీగా ఉంది. అయినా కాష్కా నములుతూనే ఉంది. లెక్కపెట్టాను. అరవై నాలుగు.

ఒక్కటి మాత్రం అర్థం కాలేదు. దాని కుళ్లిన పన్ను ఏమైనట్టు? కొట్టంలో గడ్డంతా తిరగేశాను. పేడ కూడా వెతికాను. దొరకలేదు.

ఇది జరిగి తొమ్మిది రోజులు. కాష్కా రోజుకు పది కిలోలూ తింటోంది, పక్కటెముకలు కనబడటం లేదు. నేనేమో పొద్దున లేవగానే నాలుకతో నా పళ్లు లెక్కపెట్టుకుంటున్నాను. ఎందుకో తెలియదు, అలవాటైపోయింది. జ్ఞానదంతాలు నాలుగూ చదువుకునే రోజుల్లోనే తీయించేశాను. కాబట్టి ఇరవై ఎనిమిది.

ఈ ఉదయం ఇరవై తొమ్మిది వచ్చాయి.

తప్పు లెక్కపెట్టాననుకుని మళ్లీ మొదలెట్టాను. పైన, ఎడమవైపు, వెనకాల... నాలుకకు ఏదో వెడల్పుగా తగిలింది. గరుకుగా, గట్లు గట్లుగా. అద్దం దాకా వెళ్లలేదు. పక్క మీదే కూర్చున్నాను, పెదవులు బిగబట్టుకుని.

టీకి పిలవడానికి కుబాట్ తలుపు తీశాడు. లోపల అడుగు పెట్టబోయి గుమ్మంలోనే ఆగి ముక్కు మూసుకున్నాడు.

"ఏంటే ఈ కంపు? కాష్కా పన్ను తెచ్చి గదిలో పెట్టుకున్నావా?"