ఆరో గదిలో నీళ్ళడిగే బొమ్మ

మా దీవిలో ఎవరినైనా అడగండి, పొద్దుగూకాక ఆరో గదిలోకి పోవద్దంటారు.

యుద్ధం రోజుల్లో ఆ జైల్లో రాజకీయ ఖైదీలను పెట్టేవారు. ఇప్పుడది మ్యూజియం. ఆరో గదిలో సిమెంటు అరుగు మీద వరసగా మనిషంతేసి ఖైదీల బొమ్మలుంటాయి. అన్నిటి కాళ్ళ మీదుగా ఒకటే ఇనప కడ్డీ. చీకటి పడితే అందులో ఒక బొమ్మ నీళ్ళడుగుతుందని పేరు. ఒక టీచరమ్మ అయితే చెప్పు వదిలేసి మరీ పరిగెత్తింది. ఇంకో చెప్పు చేత్తో పట్టుకుని నా కాఫీ బండి దాకా వచ్చి, నీళ్ళు తనే అడిగింది.

న్యాన్ సంగతి మాత్రం ఆమె నోటే విన్నాను.

న్యాన్‌ది సముద్రం అవతలి ఒడ్డున బెన్ చే ఊరు. యాభై దాటిన మనిషి. తల్లి కడుపులో ఉండగానే తండ్రి లుయెన్‌ను పట్టుకొచ్చి ఇక్కడ పడేశారు. ఇక్కడే పోయాడు. ఆయన పడుకున్న చోట ఒక అగరొత్తి వెలిగించి రమ్మని తల్లి పోయేముందు అడిగిందట. మ్యూజియం వాళ్ళు ఆరో గది అన్నారు. ఆ గదిలో ఎక్కడో మాత్రం తెలీదన్నారు.

మూసే వేళకి లోపలికెళ్ళింది. సంచిలోంచి అగరొత్తులు తీస్తోంది... కరెంటు పోయింది.

మా దీవిలో కరెంటు పోవడం వింతేం కాదు. ఆమెకు తెలీదు పాపం.

మసక చీకట్లో బొమ్మల తలలు మాత్రం కనిపిస్తున్నాయి. అప్పుడు —

"అమ్మాయ్... నీళ్ళున్నాయా?"

అరుగు చివరి బొమ్మ.

న్యాన్ పరిగెత్తలేదు. ధైర్యం కాదు, కాళ్ళు కదల్లేదట. చేతిలో సీసా ముందుకు చాపింది. చల్లటి వేళ్ళు తగిలాయి. బొమ్మ సీసా అందుకుంది... తాగలేదు.

"ఎవరి కోసం వచ్చావు?"

"మా నాన్న... లుయెన్. బెన్ చే."

తరవాత చిన్న దగ్గు. దెయ్యాలు దగ్గవు కదా, మనిషే అనుకుని ఆమె కాస్త కుదుటపడింది.

"నీ ముందున్న చోటే," అంది ఆ గొంతు. "గోడ పక్కన. రాత్రిళ్ళు పాడేవాడు. ఆపమన్నా ఆపేవాడు కాదు. ఏం గొంతని... అస్సలు బాగుండేది కాదు."

న్యాన్‌కు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "మీరూ ఇక్కడే ఉన్నారా బాబాయ్?"

"ఇక్కడే. యుద్ధం అయ్యేదాకా."

"నాన్న... ఎలా పోయారు?"

"జ్వరం. నీళ్ళడిగాడు. రాత్రంతా అడిగాడు."

"ఇచ్చారా?"

"...లేదు."

ఆమె అగ్గిపుల్ల గీసింది. ఆ వెలుగులో ఒక ముసలాయన, కాలు కడ్డీ కింద పెట్టుకుని బొమ్మల వరసలో కూర్చుని ఉన్నాడు. తండ్రి చోట అగరొత్తి నిలబెట్టి మూడుసార్లు వంగి మొక్కింది. తిరిగి ఆయనకీ మొక్కింది. ఆయన మొహం పక్కకి తిప్పుకున్నాడు.

నా బండి దగ్గరికొచ్చి చెప్పిందంతా ఇదే. మొహం వెలిగిపోతోంది.

"పిన్నీ, మా నాన్న తోటివాడు దొరికాడు! రేపు ఆయన్ని భోజనానికి పిలుస్తాను."

నేను గేటు కాపలా లామ్ వైపు చూశాను. లామ్ నా వైపు చూశాడు. ఇద్దరం కాఫీ గ్లాసు వైపు చూశాం.

"క్వోయ్ ముసలాడు ఖైదీ కాదక్కా," అన్నాడు చివరికి లామ్. "ఆ గదికి తాళం వేసినవాడు. ఆ కడ్డీ దించింది కూడా ఆయనే. రోజూ వచ్చి కూర్చుంటాడు. మూసేటప్పుడు నేను పోయి కడ్డీ ఎత్తి, చెయ్యిచ్చి లేపాలి, తనంతట తను లేవలేడు."

న్యాన్ గ్లాసు కింద పెట్టింది. లామ్ తాళాలు తీసుకుని లేవబోతే చెయ్యి చాపింది.

"నేను వెళ్తాను."

ఇవ్వాలా వద్దా అని లామ్ నన్ను చూశాడు. చివరికి ఇచ్చాడు.

కరెంటు వచ్చింది. కాఫీ చల్లారింది. లోపల్నుంచి అరుపు లేదు, మాట లేదు... ఒక్కసారి ఇనుము మోగింది. అంతే.

న్యాన్ ఒక్కతే బయటికొచ్చి తాళాలు బల్ల మీద పెట్టింది.

లామ్ లేచి నిలబడ్డాడు. "ముసలాడు?"

అప్పుడు కనిపించాడు — గోడ పట్టుకుని, ఒక్కో అడుగే వేసుకుంటూ, క్వోయ్. మమ్మల్ని చూడకుండా ఇంటివైపు మళ్ళాడు.

"ఏం చేశావమ్మా?" అన్నాను.

"కడ్డీ ఎత్తాను పిన్నీ," అంది న్యాన్. "చెయ్యి మాత్రం ఇవ్వలేదు."