కింది వరుసలో దేవిదాస్

మా షాపులో చావు పనికి ఎప్పుడూ తొందరే. పెళ్లి ఫ్లెక్స్ వాళ్లు వారం ముందే వచ్చి, రంగులు మార్పిస్తూ నా ప్రాణం తీస్తారు. శ్రద్ధాంజలి ఫ్లెక్స్ వాళ్లు మాత్రం రేపు దినాలనగా ఇవాళ సాయంత్రం దిగుతారు. దేవిదాస్ కూడా అట్లాగే దిగాడు, జోరువానలో తడుస్తూ, బోధన్ బస్టాండు వెనక సందులో ఉన్న మా షాపుకి.

వర్ని దగ్గర పల్లెలో పసుపు, వరి పండిస్తాడట. తల్లి భూమవ్వ పోయింది. ఆమె ఫోటో, ఇంట్లోవాళ్ల ఫోటోలు నా ఫోన్‌కి పంపి, కౌంటర్ ముందు స్టూలు మీద తల దించుకుని కూర్చున్నాడు.

నా పేరు త్రివేణి. డిజైన్ నాది, వెనక గదిలో ప్రింటింగ్ మెషిన్ ముజఫర్ భాయ్‌ది. ఈ ఫ్లెక్సులు నేను కళ్లు మూసుకుని చేయగలను. పైన పోయినవాళ్ల ఫోటో పెద్దగా, దానికి దండ, రెండు పక్కలా దీపాలు. కింది వరుసలో 'శోకతప్త హృదయాలతో' అని రాసి, కుటుంబసభ్యుల ఫోటోలు చిన్న చిన్న గుండ్రాల్లో. బతికున్న మనిషి పొరపాటున కూడా దండ కిందికి రాకూడదు. ఏ తప్పునైనా జనం సర్దుకుంటారు గానీ దాన్ని మాత్రం క్షమించరు.

భూమవ్వకు దండ వేశాను. కింది వరుసలో దేవిదాస్‌ను పెట్టాను. పక్కన అతని భార్య సుకన్యను పెడదామని టచ్‌ప్యాడ్ మీద వేలు కదిపాను. కర్సర్ జారింది. దేవిదాస్ ఫోటోను పట్టుకుని పైకి లాక్కుపోయి, తల్లి పక్కన, దండ కింద వదిలేసింది.

"దీని మొహం మండ" అనుకుంటూ కిందికి లాగి, సుకన్యనూ తక్కినవాళ్లనూ పక్కన పెట్టాను. దేవిదాస్ ఫోటో మళ్లీ పైకి పోయింది.

ఆ టచ్‌ప్యాడ్ నన్ను ఎన్నాళ్లుగానో వేపుకు తింటోంది. ఒకచోట నొక్కితే ఇంకోటి తెరుచుకోవడం, వేలు తీసినా ఆగకపోవడం దానికి అలవాటే. మెత్తటి గుడ్డతో తుడిచాను. చేతులు తడిగా ఉన్నాయేమోనని కొంగుకు ఒత్తుకున్నాను. వెనక గదిలోంచి ముజఫర్ భాయ్, "చార్జర్ తీసి సూడక్కా, మన బిల్డింగుల ఎర్తింగ్ సక్కగ లేదు" అన్నాడు. తీశాను. సెట్టింగ్స్‌లో సెన్సిటివిటీ తగ్గించాను. రీస్టార్ట్ చేస్తే అది తీరిగ్గా అప్‌డేట్ పెట్టుకుని కూర్చుంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఎదురుగా తల్లి పోయిన మనిషి, ముందు ఈ దిక్కుమాలిన డబ్బా. ఎవరి మీద అరవాలి?

ఫైలు తెరిచి వేలు పెట్టగానే దేవిదాస్ పైకి పోయాడు.

అప్పుడు గమనించాను. తక్కినవాళ్లు ఎవరూ కదలడం లేదు. సుకన్య పెట్టినచోటే ఉంది. పాడైపోయిన టచ్‌ప్యాడ్ అందరినీ పాడు చేయాలి కదా, ఒక్కడి మీదే ఎందుకు పడింది?

దేవిదాస్ లేచి వచ్చి నా భుజం మీదుగా తెర చూశాడు. "మా అవ్వ గంతే అక్కా" అన్నాడు మెల్లగా. "నేను పొలం కాడ్నించి రాంది అన్నం బుక్క ముట్టకపోయేది. తొవ్వకొచ్చి నిలవడేది." నవ్వబోయాడు గానీ కళ్లు తుడుచుకున్నాడు.

"నువ్వు పోయి కూసో తమ్మీ. నిన్ను పైన పెట్టనియ్య నేను."

వానకు పొద్దుగూకకముందే చీకటి పడింది. షాపులో ఎప్పుడూ ఉండే సిరా వాసన ఎటో పోయింది. దాని బదులు ఇంకేదో వాసన... పసుపు కొమ్ములు ఉడికించే వాసన. మా జిల్లాలో ఆ వాసన తెలియనివాళ్లు ఉండరు. కానీ అది ఎండలు మొదలయ్యేటప్పటి పని. ఈ వానల్లో పసుపు ఎవరు ఉడికిస్తారు?

దేవిదాస్ కూడా తల ఎత్తి వాసన చూశాడు.

నా చేతులు రెండూ ఒళ్లో ఉన్నాయి. కర్సర్ కదిలింది... మెల్లగా, కళ్లు సరిగా ఆననివాళ్లు తడుముకున్నట్టు. దేవిదాస్ ఫోటో మీద ఆగింది. టచ్‌ప్యాడ్ ఒక మూల కిందికి దిగింది. నేను చూస్తుండగానే దిగింది.

టక్.

"భాయ్... ఇటు రా భాయ్."

ముజఫర్ భాయ్ వచ్చి చూశాడు. చూసి, ల్యాప్‌టాప్ ఆపి, బోర్లించి, మరలు విప్పి, టచ్‌ప్యాడ్ కేబుల్ పీకేశాడు. "తీగనే లేకుంటే ఏం జేస్తది?" అన్నాడు గుసగుసగా. అన్నది నాతో కాదనిపించింది.

మౌస్ తగిలించాం. కర్సర్ బుద్ధిగా నిలబడింది. దేవిదాస్‌ను కింది వరుసలో పెట్టి లాక్ చేశాను. ప్రింట్ తప్పు లేకుండా వచ్చింది. అతను దాన్ని చుట్టి, ప్లాస్టిక్ కవర్ తొడిగి, బండి వెనక కట్టుకుని వానలోనే బయల్దేరాడు. హమ్మయ్య అనుకున్నాను. నిజంగానే ప్రాణం లేచివచ్చింది.

ఓ అరగంటకు, కంప్యూటర్ కట్టేద్దామని తెర వైపు తిరిగాను.

దేవిదాస్ పైన ఉన్నాడు. తల్లి పక్కన. దండ ఇద్దరికీ సరిపోయేలా సాగి ఉంది. మౌస్ నేను ముట్టలేదు. ముజఫర్ భాయ్ వెనక గదిలో ఉన్నాడు.

దేవిదాస్‌కు ఫోన్ చేశాను. చాలాసేపటికి ఎత్తాడు. గాలి, వాన, బండి చప్పుడు.

"తమ్మీ, ఎనకకు రా. ఫ్లెక్స్‌ల తప్పు వడ్డది" అని అబద్ధం ఆడాను.

"చానా దూరమొచ్చిన అక్కా. మంచిగనే ఉన్నది. తడవకుంట ఒళ్లె పెట్టుకున్నది."

"ఎవరు?"

"ఎవరో ముసలామె. తొవ్వల వానకు నిలవడ్డది, ఎక్కించుకున్న. ముఖం మీద కొంగు గప్పుకున్నది."

"ఆమెను దించు తమ్మీ... నీ కాళ్లు మొక్కుత, దించు."

"గీ వానల ఎట్ల దించాలె? నాకే ఏం కనవడ్తలేదు. ఎటు తిప్పాల్నో ఆమెనే చెప్తున్నది... ఎనకనుంచి భుజం మీద వేలువెట్టి."

అది అతను పుట్టినప్పటి నుంచీ తిరిగిన తొవ్వ, ఎటు తిప్పాలో ఎవరూ చెప్పనక్కర్లేదు. తమ్మీ, తమ్మీ అని నేను పిలుస్తూనే ఉన్నాను. బండి ఆగిన చప్పుడైంది. తర్వాత వాన తప్ప ఏమీ వినిపించలేదు. ఫోన్ మాత్రం ఎవరూ పెట్టేయలేదు.